నాన్న పోయాక పిన్నితో ఆస్తి పంపకం: ఎదిగిన పిల్లలకు ఏం వస్తుంది, ఎలా తెచ్చుకోవాలి

అమ్మ ముందే పోయింది. నాన్న మారు పెళ్లి చేసుకున్నారు. ఇప్పుడు నాన్న కూడా పోయారు, పిన్ని ఉంది. పెద్దకర్మ అయినా కాకముందే చుట్టాలు రెండు జట్లుగా మాట్లాడటం మొదలుపెడతారు. "ఆవిడ భార్య, అంతా ఆవిడదే" అని ఒకరు. "ఆవిడ మీ అమ్మా ఏమన్నానా, పుట్టింటికి పంపెయ్యండి" అని ఇంకొకరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ రెండు మాటలు నమ్మి ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. రెండూ తప్పే. చట్టం దృష్టిలో సవతి తల్లి మీతో పాటు ఒక వాటాదారు. ఆవిడ మిమ్మల్ని బాగా చూసిందా లేదా, మీరు ఊళ్లో ఉన్నారా చెన్నైలో ఉన్నారా, కూతురికి పెళ్లి చేసి పంపేశారా అన్నవి వాటాను పెంచవు, తగ్గించవు. ఆ ఆస్తి ఎవరిది, వాళ్లకు ఎలా వచ్చింది, ఎవరు ముందు పోయారు అన్న మూడు ప్రశ్నలే తేలుస్తాయి.

కింద రాసింది హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తించే కుటుంబాల కోసం. క్రైస్తవులు, ముస్లింలు, గిరిజనుల గురించి తర్వాత విడిగా చెప్తాను.

మొదటి నెల: కాగితాలు, జాగ్రత్తలు

ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. "బ్యాంకు పని కోసమే", "కరెంటు మీటరు పేరు మార్చడానికే" అని తెచ్చిన ఖాళీ స్టాంపు కాగితం మీద అసలే వద్దు. దుఃఖంలో ఉన్నవాళ్ల చేత సంతకాలు తీసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది, దానికి ఎక్కువగా బలయ్యేది ఆడపిల్లలు. అలాగే మీరు కూడా నాన్న ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి, పిన్ని లేనప్పుడు బీరువా తెరవకండి. ఇద్దరు పెద్దమనుషుల ముందు అందరూ కలిసి తెరిచి, బంగారం, దస్తావేజులు, ప్రోనోట్లు ఏమున్నాయో రాసి, ఫోటోలు తీసి, అందరూ సంతకాలు చెయ్యండి. ఈ ఒక్క కాగితం తర్వాత వచ్చే సగం గొడవల్ని ఆపుతుంది.

మరణ ధ్రువపత్రం మరణం జరిగిన చోట వస్తుంది, సొంతూళ్లో కాదు. మన జిల్లాల వాళ్లు చాలామంది విశాఖ ఆస్పత్రుల్లో కన్నుమూస్తారు, అప్పుడు నమోదు విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోనే జరుగుతుంది. 21 రోజుల్లోపు నమోదు చేయించడం తేలిక, ఆలస్యమైతే అనుమతులు కావాలి. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆధార్‌లో, పట్టాదారు పాస్‌బుక్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అంటే అందరూ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అనేది. మీసేవలో గానీ సచివాలయంలో గానీ దరఖాస్తు చెయ్యాలి. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఎవరు ముందు దరఖాస్తు చేస్తే వాళ్లకు నచ్చిన పేర్లు రాయించుకునే ప్రమాదం ఉంది. మొదటి భార్య పిల్లల పేర్లు వదిలేస్తారు, లేదా పెళ్లైన కూతుళ్లను వదిలేస్తారు, లేదా మీవాళ్లే పిన్ని పేరు వదిలేస్తారు. పిన్ని పేరు, ఆవిడకు నాన్న వల్ల పుట్టిన పిల్లల పేర్లు, మీ అందరి పేర్లు, నాయనమ్మ బతికుంటే ఆవిడ పేరు అన్నీ ఉండాలి. తప్పుగా ఇచ్చారని తెలిస్తే వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఈ పత్రం ఎవరికీ హక్కు ఇవ్వదు, ఎవరి హక్కూ తీసెయ్యదు. ఎవరెవరు ఉన్నారో చెప్తుంది, అంతే.

ఆస్తుల చిట్టా ఇలా రాయండి

ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసి ప్రతి ఆస్తికీ ఒక పేజీ కేటాయించండి. ఏది, ఎక్కడ, ఎవరి పేరున, వాళ్లకు ఎలా వచ్చింది, రుజువేమిటి అని రాయండి. చాలామంది "ఎలా వచ్చింది" అన్న గడి ఖాళీగా వదిలేస్తారు. లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది.

భూమికైతే మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు, అనుభవం చెప్పే రికార్డు) చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు ఉంటుంది కాబట్టి రెండూ రాసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా తీయండి, దొరికిన ప్రతి దస్తావేజుకూ నకలు తీసుకోండి. భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూడండి, ఉంటే పంపకం దస్తావేజు రిజిస్టర్ కాదు.

పాత కాగితాలు వెతికేటప్పుడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ఒకటి, మన ఊళ్లలో చాలావరకు ఒకప్పుడు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింద ఉన్నవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి పట్టాలిచ్చారు. అందుకే తాతల నాటి హక్కుకు మూలం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అవుతుంది. రెవెన్యూ ఆఫీసులో "ఎస్‌ఎఫ్‌ఏ నకలు" అని అడిగితే వాళ్లకు తెలుస్తుంది. రెండోది జిల్లాల పేర్లు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979లో. 1970 నాటి బొబ్బిలి దస్తావేజులో శ్రీకాకుళం జిల్లా అని ఉంటే అది తప్పు కాదు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ మారింది: రాజాం విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లా, ఏ సబ్ రిజిస్ట్రార్, ఏ కోర్టు కిందికి వస్తుందో ముందే తెలుసుకోండి.

చిట్టా అయ్యాక ఆస్తుల్ని విడదీయండి. నాన్న సొంతార్జితం, పిత్రార్జితం, అమ్మ పేరున ఉన్నది, పిన్ని పేరున ఉన్నది. ఒక్కోదానికి ఒక్కో లెక్క. అన్నీ ఒకే మూటగా కట్టి "తలా ఇంత" అనుకోవడం వల్లే పంపకాలు చెడుతున్నాయి.

నాన్న సొంతార్జితం

నాన్న సంపాదించి కొన్నది. తాత సొంతంగా సంపాదించి, 1956 తర్వాత వీలునామా లేకుండా పోతే నాన్నకు వారసత్వంగా వచ్చింది కూడా నాన్న సొంత ఆస్తే. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో ఈ మాట తేల్చింది. నాన్న వీలునామా రాయకుండా పోతే మొదటి తరగతి వారసులందరికీ సమాన వాటాలు: కొడుకులు, కూతుళ్లు, భార్య, నాన్న తల్లి. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే ఆ వాటా వాళ్ల కుటుంబానికి.

నాన్న కొన్న 3 ఎకరాల పల్లం ఉందనుకోండి. మొదటి భార్యకు ఒక కొడుకు, ఒక కూతురు. రెండో భార్య ఉంది, ఆవిడకు ఒక కొడుకు. నాలుగు వాటాలు, తలా 75 సెంట్లు. మొదటి భార్య పిల్లలకు ఎక్కువా లేదు, రెండో భార్య కొడుక్కి తక్కువా లేదు. నాయనమ్మ బతికుంటే ఐదు వాటాలవుతాయి, తలా 60 సెంట్లు. నాయనమ్మను మరిచిపోవడం నేను చూసిన పంపకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. ముసలావిడకు భూమెందుకు అంటారు. ఆవిడ వాటా ఆవిడదే, ఆవిడ పోయాక అది అత్తలకు, చిన్నాన్నలకు కూడా వెళ్తుంది. అప్పుడు మీ భూమిలో కొత్త వాటాదారులు వస్తారు.

పిన్ని తనకు ముందు పెళ్లిలో పుట్టిన పిల్లల్ని వెంట తెచ్చుకుని ఉంటే వాళ్లకు మీ నాన్న ఆస్తిలో వారసత్వ హక్కు లేదు. నాన్న ఇచ్చి ఉంటే తప్ప రాదు.

ఇల్లు కూడా ఇదే లెక్క. పాత చట్టంలో కూతుళ్లు నివాస గృహాన్ని పంచమని అడగలేకపోయేవారు. 2005 సవరణ ఆ నిబంధనను తీసేసింది.

పిత్రార్జితం

ముత్తాత, తాతల నుంచి ఉమ్మడిగా వస్తున్నది, లేదా ఆ ఉమ్మడి ఆస్తి పంపకంలో నాన్న భాగానికి వచ్చింది. ఇందులో మీకు పుట్టుకతోనే హక్కు ఉంది. నాన్న పోయాక పంచాల్సింది మొత్తం ఆస్తిని కాదు, అందులో నాన్న భాగాన్ని మాత్రమే. లెక్క రెండు మెట్లు.

6 ఎకరాల పిత్రార్జితం, పైన చెప్పిన కుటుంబమే, నాయనమ్మ లేదు. నాన్న పోయే క్షణానికి పంపకం జరిగినట్టు ఊహించాలి: నాన్న, ముగ్గురు పిల్లలు, మొత్తం నాలుగు భాగాలు, ఒక్కోటి ఎకరం 50 సెంట్లు. మన దక్షిణాదిలో అనుసరించే సంప్రదాయంలో తండ్రీ పిల్లల పంపకంలో భార్యకు విడి భాగం పెట్టరు. ఇప్పుడు నాన్న ఎకరం 50 సెంట్లను ముగ్గురు పిల్లలకూ పిన్నికీ పంచాలి: తలా 37.5 సెంట్లు. చివరికి ఒక్కో బిడ్డకు ఎకరం 87.5 సెంట్లు, పిన్నికి 37.5 సెంట్లు. సొంతార్జితం అని పంచి ఉంటే పిన్నికి ఎకరంన్నర వచ్చేది. "ఎలా వచ్చింది" అన్న గడి ఎందుకు నింపమన్నానో ఇప్పుడు తెలిసిందిగా.

కూతురికి ఈ హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 నాటికి నాన్న బతికుండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు, కొడుకులాగే పుట్టుకతో హక్కు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగిపోయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు. "మీ పెళ్లిలో కట్నం ఇచ్చాం, ఇక వాటా లేదు" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

అమ్మ పేరున ఉన్నది

ఇది అందరూ మరిచిపోయే మూట. ఇళ్ల స్థలాల పట్టాలు చాలావరకు ఆడవాళ్ల పేరున ఇచ్చారు. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన మెట్ట, జీడితోటలో భాగం, బంగారం, డ్వాక్రా పొదుపు, పోస్టాఫీసు డబ్బు ఇవన్నీ అమ్మ సొంతం. అమ్మ పోయినప్పుడు అవి ఆమె పిల్లలకూ భర్తకూ సమానంగా వచ్చాయి. చాలా ఇళ్లలో ఆ పంపకం కాగితం మీద జరగలేదు, నాన్న అనుభవించారు. అనుభవించినంత మాత్రాన అది ఆయనదైపోదు.

అమ్మకు 90 సెంట్లు ఉంటే, అమ్మ పోయినప్పుడు మీ ఇద్దరికీ నాన్నకూ తలా 30 సెంట్లు. నాన్న పోయినప్పుడు ఆయన 30 సెంట్లే మీ ఇద్దరు, తమ్ముడు, పిన్ని మధ్య తలా ఏడున్నర సెంట్లు. అంటే మీకు ఒక్కొక్కరికి 37.5 సెంట్లు. పిన్ని మీ అమ్మకు వారసురాలు కాదు, నాన్న ద్వారా వచ్చిన ఏడున్నర సెంట్లకే హక్కుదారు. అమ్మ నగలు పిన్ని మెడలో ఉంటే కూడా ఇదే లెక్క, కాకపోతే నగలకు రుజువు కష్టం. అమ్మ పెళ్లి ఫోటోలు, బంగారం కొన్న బిల్లులు, తాకట్టు రసీదులు వెతికి పెట్టుకోండి.

పిన్ని పేరున ఉన్నది

నాన్న డబ్బుతో పిన్ని పేరున కొన్నారని మీకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కానీ దస్తావేజు ఆవిడ పేరున ఉంటే అది ఆవిడదని కోర్టు అనుకుంటుంది, కాదని రుజువు చేసే భారం మీదే. భార్య పేరున భర్త కొనడం బినామీ చట్టంలో మినహాయింపు ఉన్న విషయం. నా సలహా: బ్యాంకు బదిలీల్లాంటి గట్టి రాత రుజువు లేకపోతే ఈ ఆస్తి మీద బలం ఖర్చు పెట్టకండి, మిగతా మూడు మూటల మీద పెట్టండి.

వీలునామా, సెటిల్‌మెంట్ బయటికి వస్తే

నాన్న తన సొంతార్జితం మొత్తాన్ని పిన్నికి రాసి ఉండొచ్చు. అది ఆయన హక్కు. ఎదిగిన పిల్లలకు ఇంత ఉంచి తీరాలన్న నియమం మన చట్టంలో లేదు, బాధగా ఉన్నా ఇది నిజం. పిత్రార్జితంలో మాత్రం ఆయన తన భాగాన్నే రాయగలరు. మీ భాగాన్ని, అమ్మ నుంచి మీకు వచ్చిన వాటాను ఆయన రాసినా చెల్లదు.

వీలునామా చేతికి రాగానే ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయా, వాళ్లెవరు, ఆ తేదీన నాన్న ఎక్కడున్నారు, ఏ స్థితిలో ఉన్నారు అని చూడండి. రిజిస్టర్ కావాలన్న నియమం లేదు, రిజిస్టర్ అయినంత మాత్రాన తిరుగులేనిదీ కాదు. డయాలసిస్ మీద ఉన్న మనిషి చేత, స్పృహ సరిగా లేని రోజున, లాభపడేవాళ్లే దగ్గరుండి రాయించారంటే అది అనుమానించదగ్గ పరిస్థితి. ఆ అనుమానం తీర్చే భారం వీలునామా చూపించినవాళ్ల మీదే ఉంటుంది. ఆస్పత్రి కేస్ షీట్ నకలు ముందుగా తెచ్చుకోండి.

"ఆమె బతికినంత కాలం అనుభవించి, తర్వాత పిల్లలకు చెందాలి" అని రాయించే అలవాటు కూడా మన దగ్గరుంది. మామూలుగా అలాగే నడుస్తుంది. కానీ అది ఆవిడ పోషణ హక్కు కింద ఇచ్చినదైతే ఆవిడకు పూర్తి హక్కు అయిపోవచ్చు. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు మన తెలుగు నేల మీద పుట్టినదే. వాక్యం ఎలా రాశారన్న దాని మీద ఎకరాలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఈ ఒక్కచోట లాయరుకు చూపించకుండా అడుగు వేయొద్దు.

బతికుండగానే పిన్నికి రిజిస్టర్ సెటిల్‌మెంట్ (సొంతవాళ్లకు ఆస్తి రాసిచ్చే దస్తావేజు) చేసి ఉంటే ఆ ఆస్తి అప్పుడే వెళ్లిపోయినట్టు. మోసం, బలవంతం ఉంటే రద్దు దావా వెయ్యొచ్చు, దానికి మీకు విషయం తెలిసినప్పటి నుంచి మూడేళ్లే గడువు.

ఆ పెళ్లి చెల్లుతుందా?

అమ్మ పోయాకో, విడాకులు అయ్యాకో జరిగిన పెళ్లి అయితే ఈ ప్రశ్నే లేదు. అమ్మ బతికుండగా, విడాకులు లేకుండా రెండో పెళ్లి జరిగి ఉంటే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం అది చెల్లదు, ఆవిడకు భార్యగా వాటా రాదు. అమ్మ తర్వాత పోయినా ఆ పెళ్లి దానంతటది చెల్లుబాటు కాదు. కానీ ఆవిడ పిల్లల్ని కాదనలేరు. చెల్లని పెళ్లిలో పుట్టినవాళ్లూ సక్రమ సంతానమే, తండ్రి ఆస్తిలో వారసులే. పిత్రార్జితంలో నాన్న భాగంలోంచి వాళ్లకు వాటా ఉంటుందని 2023 సెప్టెంబరు 1న రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పుట్టుకతో మీకున్న హక్కు మాత్రం వాళ్లకు లేదు. తమ్ముణ్ణి, చెల్లిని పరాయివాళ్లని చేసి మాట్లాడేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి.

బ్యాంకు, పెన్షన్, పీఎఫ్

నామినీ పిన్ని అయితే బ్యాంకు ఆవిడకే ఇస్తుంది. కానీ నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసులందరికీ లెక్క చెప్పాలి. బ్యాంకు డిపాజిట్లకూ షేర్లకూ ఇదే సూత్రం. ఎల్‌ఐసీ లాంటి జీవిత బీమాలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే 2015 సవరణ తర్వాత వాళ్లనే లబ్ధిదారులుగా చూస్తారు. కుటుంబ పెన్షన్ వేరు, అది నాన్న ఆస్తి కాదు, నిబంధనల ప్రకారం భార్యకు వెళ్తుంది, దాని మీద గొడవ దండగ. జూట్ మిల్లులో పనిచేసిన నాన్న పీఎఫ్ కాగితంలో పెళ్లికి ముందు రాసిన నామినీ ఉంటే, పెళ్లితో ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది, ఇది అడిగి చూడండి. నామినీ లేని డిపాజిట్లకు సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం, అంటే సక్సెషన్ సర్టిఫికెట్ కావాల్సి రావొచ్చు. చిన్న మొత్తాలైతే అందరి సంతకాలతో బ్యాంకే తేల్చేస్తుంది.

అప్పులకు వారసులు తమ చేతికి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. వడ్డీ వ్యాపారి మీ జీతం మీద కన్నేస్తే భయపడక్కర్లేదు.

అమ్మ పోయి మారుతండ్రి ఉంటే

అమ్మ వీలునామా లేకుండా పోతే ఆమె ఆస్తి ఆమె పిల్లలందరికీ, ఏ భర్త వల్ల పుట్టినా, భర్తకూ సమానం. పుట్టింటి నుంచి వచ్చినదైనా, మీ నాన్న నుంచి వచ్చినదైనా పిల్లలున్నప్పుడు ఇంతే, మారుతండ్రికి ఒక వాటా వస్తుంది. మారుతండ్రి సొంత ఆస్తిలో మీకు వారసత్వం లేదు, ఆయన వీలునామాతోనో సెటిల్‌మెంట్‌తోనో ఇస్తేనే వస్తుంది. మీ కన్నతండ్రి ఆస్తిలో మీ హక్కు అమ్మ మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. మీ చిన్నప్పుడు మీ సొంత వాటాను కోర్టు అనుమతి లేకుండా అమ్మేసి ఉంటే 18 నిండాక మూడేళ్లలోపు సవాలు చెయ్యాలి. 21 దాటకముందే కాగితాలు చూసుకోండి అని కుర్రాళ్లకు గట్టిగా చెప్తున్నాను.

పిన్ని వాటా ఆ తర్వాత ఎవరికి?

పంచేటప్పుడే ఇది ఆలోచించాలి. పిన్నికి వచ్చిన వాటా ఆవిడ సంపూర్ణ ఆస్తి. అమ్ముకోవచ్చు, ఎవరికైనా రాయొచ్చు, మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. ఏమీ రాయకుండా పోతే, ఆవిడకు సొంత పిల్లలుంటే వాళ్లకే వెళ్తుంది, మీకు రాదు. ముందు పెళ్లి పిల్లలు కూడా అందులో ఉంటారు. సవతి పిల్లలు "పిల్లలు" అన్న మాట కిందికి రారని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. సొంత పిల్లలు లేకపోతే నాన్న నుంచి వచ్చిన వాటా నాన్న వారసులుగా మీకే తిరిగి వస్తుంది, ఆవిడకు అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చింది పుట్టింటికి పోతుంది.

అందుకే పిల్లల్లేని పిన్నితో తగువు పెట్టుకోవడం నాకు అన్ని విధాలా తప్పుగా కనిపిస్తుంది. పైగా పిల్లల్లేని సవతి తల్లిని పోషించే బాధ్యత 1956 పోషణ చట్టం కొడుకులు, కూతుళ్ల మీద పెట్టింది. 2007 తల్లిదండ్రుల సంక్షేమ చట్టంలో కూడా తల్లిదండ్రులంటే సవతి తల్లి, సవతి తండ్రి కలిసే ఉన్నారు. ఇంట్లోంచి గెంటేస్తే ఆవిడ ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లగలదు. చట్టం సంగతి అలా ఉంచినా, నాన్న మంచాన పడ్డప్పుడు ఎత్తి దించింది చాలాసార్లు ఆవిడే. ఆ మాట పంపకం రోజున ఎవరో ఒకరు పైకి అనడం మంచిది.

వేరే చట్టం వర్తించేవాళ్లు

క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం. ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, భర్తకు నాలుగో వంతు, మిగతాది కొడుక్కి కూతురి కంటే రెట్టింపు చొప్పున. సవర, జాతాపు లాంటి షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, ఆచారం చూస్తారు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం 1970 నియంత్రణ ప్రకారం చెల్లదు. డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి వారసులకు వస్తుంది, కానీ అమ్మకానికి ఆంక్షలున్నాయి.

రాజీతో పంచుకోవడం

లెక్క కాగితం మీద వేసి పిన్నికీ ఒక ప్రతి ఇవ్వండి. దాచిపెట్టి మాట్లాడితే ఆవిడ తరఫు వాళ్లు దాచిపెట్టే మాట్లాడతారు. పంచేటప్పుడు సెంటు సెంటూ కొయ్యక్కర్లేదు. పిన్నికి ఇల్లు ఉంచి, బదులుగా పిల్లలు పల్లంలో ఎక్కువ తీసుకోవచ్చు. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలైతే చెట్ల వయసు చూసి విలువ కట్టండి, విస్తీర్ణం ఒక్కటే చూస్తే ఎవరో ఒకరు నష్టపోతారు.

పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంపు కాగితం చాలదు. పంచే కాగితం రిజిస్టర్ కాకపోతే కోర్టులో దాన్ని పంపకానికి రుజువుగా చూడరు. పంపకం దస్తావేజు గానీ, ఒకరు తమ వాటా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు గానీ సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించండి. వీటికి స్టాంపు సుంకం అమ్మకం దస్తావేజు కన్నా తక్కువ. ఆడపిల్లలూ, అన్నయ్య అడిగాడని వాటా వదిలేసే ముందు దాని విలువ ఎంతో తెలుసుకోండి. ఇష్టంగా వదిలేస్తే మంచిదే, తెలియక వదిలేయకండి.

చెన్నైలో, గుజరాత్ ఓడరేవుల్లో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రాలేకపోతే ఈ ఒక్క పనికే పరిమితమైన అధికార పత్రం ఇవ్వండి. అమ్మే అధికారం కూడా ఉన్న జీపీఏ (అన్ని పనులకూ పనికొచ్చే అధికార పత్రం) ఇచ్చి నిద్రపోవద్దు. ఎవరైనా వాటాదారు పంపకానికి ముందే తన వాటా బయటివాళ్లకు అమ్మబోతే, ముందుగా కొనే హక్కు మిగతా వారసులకు హిందూ వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్ ఇస్తుంది. అది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

కుదరకపోతే కోర్టు

ముందు లాయరు నోటీసు. దానికి ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ పెట్టుకోవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

అదీ కాకపోతే ఆస్తి ఉన్న చోటి సివిల్ కోర్టులో పంపకం దావా. వాటాదారులందర్నీ, ఆస్తులన్నిటినీ చేర్చాలి, ఒక్కరిని వదిలినా కేసు కుంటుతుంది. మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు ఫీజు తక్కువ, స్వాధీనం పోయి ఉంటే మీ వాటా విలువ మీద పడుతుంది. కాబట్టి పొలంలోకి వెళ్లడం, పన్ను కట్టడం మానకండి. దావాతో పాటే అమ్మకుండా తాత్కాలిక నిషేధం అడగండి. ముందు వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ, తర్వాత కమిషనర్ కొలిచాక తుది డిక్రీ వస్తాయి. చాలామంది మొదటి డిక్రీతో గెలిచామని ఇంటికి వెళ్లిపోతారు, రెండోది లేకుండా భూమి చేతికి రాదు. ఊళ్లో ఉన్న వాటాదారు సాగు చేసుకుంటున్నంత మాత్రాన మీ హక్కు పోదు. కానీ "నీకు వాటా లేదు" అని బాహాటంగా చెప్పి వెళ్లగొట్టిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు పరిగెడుతుందని గుర్తుంచుకోండి.

ఆఖరి పని: మ్యుటేషన్

దస్తావేజో డిక్రీయో చేతికి రాగానే మ్యుటేషన్‌కు, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పుకు దరఖాస్తు చెయ్యండి. 1971 పాస్‌బుక్ చట్టం ప్రకారం హక్కు వచ్చిన 90 రోజుల్లోపు తెలియజేయాలి. పంపకం జరగకముందే పిన్నో అన్నో తమ ఒక్కరి పేరునే మార్పించుకుంటే కంగారు పడకండి. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడం హక్కు కాదు. తహసీల్దారుకు అభ్యంతరం, ఆర్డీవోకు అప్పీలు వెయ్యండి, హక్కు వివాదాన్ని సివిల్ కోర్టే తేలుస్తుంది.

మ్యుటేషన్‌తో పాటు సబ్ డివిజన్ కూడా అడగండి, లేకపోతే అందరి పేర్లూ ఒకే నంబరు కింద ఉండిపోతాయి. సర్వేయరు కొలిచే రోజున పక్క పొలాలవాళ్లను కూడా పిలవండి. రాళ్లు పాతాక గట్ల ఫోటోలు తీసి, నెల తర్వాత మీభూమిలో మీ పేరు, విస్తీర్ణం, నాన్న పేరు సరిగా పడ్డాయో చూసుకుని, ఒక ప్రింటు తీసి దస్తావేజుతో కలిపి పెట్టండి.